పాఠం 4: హుండీ చదవడం, వెండి లెక్క తేల్చడం

1780 మార్చిలో, బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, అమెరికా కాంగ్రెస్ తన 40 నోటు డాలర్లకు 1 వెండి డాలరని ఒప్పేసుకుంది. ఆ కాగితంతో పిండి కొనడం ఎంత కష్టమో గత పాఠంలో చూశాం. 1781లో ఖజానా పగ్గాలు పట్టిన ఫిలడెల్ఫియా వర్తకుడు రాబర్ట్ మోరిస్ హుండీల దారి పట్టాడు. హుండీ అంటే ఫలానావాళ్లకు ఇంత సొమ్ము చెల్లించమని దూరాన ఉన్నవాడికి రాసే కాగితం. ఫ్రాన్స్ ఇచ్చే సొమ్ము పారిస్‌లో ఉంది, ఖర్చేమో ఇక్కడ అమెరికాలో. అందుకే పారిస్ సొమ్ము మీద హుండీ రాసి ఇక్కడ అమ్మేవాడు.

హుండీలో ముందు మొత్తం చూడండి, అది లీవ్రుల్లో (అప్పటి ఫ్రెంచి డబ్బులో) ఉంటుంది. తర్వాత గడువు: ‘చూపిన 60 రోజులకు’ అని ఉంటే, గడువు తీరాకే చెల్లే మన ముద్దతి హుండీ లాంటిదే. ఎవరి మీద రాశారో, ఎవరు సంతకం చేశారో కింద దొరుకుతుంది. ‘రెండోది, మూడోది చెల్లించి ఉండకపోతే ఈ మొదటిది చెల్లించండి’ అన్న వాక్యం దగ్గర ఆగండి. బ్రిటిష్ ఓడలు సముద్రంలో పట్టుకుంటాయని ఒకే హుండీకి మూడు ప్రతులు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. కొత్తవాళ్లు వాటిని మూడు హుండీలుగా కూడేస్తారు. మొత్తం మూడింతలైపోతుంది!

ఇప్పుడు అమ్మకం. మోరిస్ హుండీలు అమ్మిపెట్టిన దళారుల్లో పేరున్నవాడు హైమ్ సాలొమన్. దలాలీ నూటికి అర. లెక్క నేర్చుకోవడానికి డాలరుకు 5.25 లీవ్రులు, వట్టం (అమ్మేటప్పుడు ముఖవిలువలో తగ్గించే కోత) నూటికి 15 అనుకుందాం. 10,500 లీవ్రుల హుండీ ముఖవిలువ 2,000 డాలర్లు. వట్టం పోతే 1,700. దలాలీ 8.50 తీసేస్తే ఖజానాకు దక్కేది 1,691.50. దలాలీని ముఖవిలువ మీద కాదు, అమ్మిన ధర మీదే కట్టాలి.

ఒకేసారి ఎక్కువ హుండీలు బజారులో పడితే వట్టం పెరుగుతుంది. పారిస్‌లో ఉన్న సొమ్ముకు మించి రాస్తే చెల్లకుండా తిరిగొస్తాయి. అప్పుడు వెనక సంతకాలు పెట్టిన ప్రతివాడి మెడకూ చుట్టుకుంటుంది.

మోరిస్ అంతా తన జేబులోంచే పెట్టాడన్న మాట కనిపిస్తే పక్కన పెన్సిలు గీత పెట్టండి. 1781 సెప్టెంబరులో బ్రిటిష్ సేన ఉన్న యార్క్‌టౌన్‌కు నడుస్తున్న సిపాయిల నెల జీతానికి 20,000 వెండి డాలర్లు ఫ్రెంచి సేనాని రొషాంబో ఖజానా నుంచి అప్పు తెచ్చాడు. మోరిస్ సొంతంగా ఒడ్డింది పరపతి: తన సంతకంతో 20, 50, 80 డాలర్ల చీటీలు రాశాడు. కాంగ్రెస్ నోటు వద్దన్న వర్తకులు వాటిని పుచ్చుకున్నారు.

అభ్యాసం: పై హుండీనే నూటికి 25 వట్టంతో అమ్మి చూడండి. 1,492.50 రాకపోతే దలాలీ దగ్గర తప్పారు.