ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు ఓటు రాయించడం ఎలా?

ఇల్లు లేకపోతే ఓటు రాదని చాలామంది అనేస్తుంటారు, అది తప్పు. 18 ఏళ్లు నిండిన పౌరులెవరైనా ఫారం 6 (కొత్తగా ఓటరుగా పేరు రాయించుకునే దరఖాస్తు) పెట్టుకోవచ్చు, ఇల్లు లేనివాళ్లను అడ్రస్ ప్రూఫ్ తెమ్మని తిప్పి పంపకూడదు. అడ్రస్ దగ్గర రాత్రి నిజంగా పడుకునే చోటే రాయండి, ‘ఫలానా ఫ్లైఓవర్ కింద, ఫలానా నంబర్ పిల్లర్ పక్కన, మందుల షాపు ఎదురుగా’ అన్నంత వివరంగా. ఎందుకంటే బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి, ఆ ఏరియా ఓటర్ల జాబితా చూసేవారు) రాత్రిపూట అక్కడికొచ్చి మనిషి అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి, అదీ ఒక్క రాత్రితో సరిపెట్టకుండా. కాబట్టి ఆ కొన్నాళ్లు చోటు మారొద్దని ముందే చెప్పండి. మధ్యలో పోలీసులు లేపి పంపేస్తే? కొత్త చోటు వెంటనే బీఎల్‌వోకి చెప్పాలి, వేరే దారి లేదు.

ఫారం ఇచ్చినప్పుడు రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. ఆఫీసులో ‘ఇల్లు లేదుగా’ అని కసిరితే గొడవపడి లాభం లేదు, ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

పోలీసులు అరెస్టు చేస్తే మాత్రం సంగతి వేరు: ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, డబ్బుల్లేని మనిషికి లాయర్‌ని ఉచితంగా ఇవ్వాలి. లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ 15100. ఆ నంబర్ చీటీ మీద రాసి జేబులో పెట్టించండి, ఫోన్లు చార్జింగ్ లేక ఆగిపోతుంటాయి.