మీ ఊరి కైఫియత్తును వెతికి చదవడం ఎలా?

రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు, కావలి బొర్రయ్య సోదరుల సాయంతో ఊరూరి వృత్తాంతాలు రాయించాడు. కరణాలు తమ దండకవిలెలు (ఊరి సంగతులు రాసిపెట్టుకున్న పాత పుస్తకాలు) తిరగేసి, పెద్దల్ని అడిగి చెప్పిన ఆ సంగతులే కైఫియత్తులు. 1821లో మెకంజీ చనిపోయాక ఆ కాగితాలు పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. మన చేతికి అందుతున్నది చాలావరకు ఆ నకళ్ల చలవే.

మొదట మీ ఊరి పాత చిరునామా పట్టుకోండి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి మండలం పేరుతో వెతికితే ఏమీ దొరకదు. పాత తాలూకా ఏది, అంతకు ముందు ఏ సర్కారు (నవాబుల కాలపు జిల్లా లాంటిది) కింద ఉండేదో కావాలి. గుంటూరు వైపు ఊళ్లయితే ‘సర్కారు మురతుజాన్నగరు’ అని కనిపిస్తుంది. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉంటే సగం పని అయినట్టే.

తర్వాత అచ్చు పుస్తకాలు చూడండి. గుంటూరు, కడప ప్రాంతాల కైఫియత్తులు సంపుటాలుగా వచ్చాయి. కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రంలో అడగండి. అచ్చులో లేకపోతేనే చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లండి. గుర్తింపు కార్డు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కేటలాగులో సంపుటం నంబరు ముందే చూసుకుని వెళ్తే టెన్షన్ ఉండదు.

అసలు పని చదవడంలోనే ఉంది. పదాల మధ్య ఖాళీలుండవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలీదు. కాసేపు గట్టిగా పైకి చదవండి, కరణంగారి మాట వినబడ్డట్టే ఉంటుంది. సంవత్సరాల లెక్క తేలిక: శాలివాహన శకానికి 78, ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలపండి, క్రీస్తుశకం వస్తుంది. అంటే ఫసలీ 1221 సుమారు 1811. పక్కన ఆ ఏటి తెలుగు సంవత్సరం పేరు ప్రజోత్పత్తి అని ఉంటే లెక్క సరిపోయినట్టే.

అయితే రాసిందల్లా నమ్మేయకండి. గుంటూరు సీమ కైఫియత్తులు చాలావాటిలో ఒకే మాట వస్తుంది: గణపతి మహారాజు ప్రధాని గోపరాజు రామన్న శక 1067లో నియోగులకు కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) ఇచ్చాడని. శక 1067 అంటే 1145. కాకతి గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో! అలాగని కొట్టిపారేయనూ కూడదు. కరణీకం తమకు ఎవరిచ్చారని ఆ కుటుంబాలు చెప్పుకునేవో అందులో ఉంది, నాకైతే తేదీ కన్నా అదే విలువైన సమాచారం. తేదీల కోసం మీ ఊరి గుళ్లోని శాసనంతో పోల్చండి. మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలు దక్షిణ భారత శాసనాలు (South Indian Inscriptions) అనే పుస్తకాల వరసలో 10వ సంపుటంలో ఉన్నాయి.

మీ ఊరి పేరు ఎక్కడా కనబడకపోతే పక్క ఊళ్లవి చదవండి. చెరువు తగాదాల్లోనో, పొలిమేరల వివరాల్లోనో మీ ఊరు తగలవచ్చు. నైజాం ఏలుబడిలోని ఊళ్లకు కైఫియత్తులు తక్కువ. అక్కడివాళ్లు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్) వెళ్లాలి. అక్కడి పాత కాగితాలు ఎక్కువగా ఫారసీలో, ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదవగలిగేవారిని వెంటబెట్టుకెళ్లండి.