పది నిమిషాల సర్దుబాటు, మనసుకు కాస్త నెమ్మది

ఆదివారమంతా ఇల్లు సర్దడానికే వెచ్చించడం కంటే, రోజూ పది నిమిషాలపాటు ఒకే ఒక్క చోటును సర్దుకోవడం మనసుకు ఎక్కువ మేలు చేస్తుంది. అంతా ఒక్కరోజులో చేయబోతే ఒళ్లు హూనమవుతుంది. వారం సగం గడిచేసరికి వస్తువులన్నీ యథాస్థానానికి, అంటే సోఫా మీదికి, డైనింగ్ టేబుల్ మీదికి చేరుకుంటాయి.

దారికి అడ్డుపడే వస్తువులకంటే, చేయవలసిన పనిని గుర్తుచేసే వస్తువులే మనిషిని ఎక్కువగా అలసటకు గురిచేస్తాయి. డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లాస్ ఏంజెలెస్‌లో దంపతులిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటిని చూపిస్తూ చిందరవందర గురించి, సగంలో ఆగిన పనుల గురించి ఎక్కువగా మాట్లాడిన భార్యలలో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను సాయంత్రానికి తగ్గవలసినంతగా తగ్గలేదని, పొద్దు గడిచేకొద్దీ దిగులు పెరిగిందని అందులో తేలింది. భర్తలలో ఈ సంబంధం అంతగా కనిపించలేదు. చిందరవందరే దీనికి కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు కానీ, ఇంటి పని బరువు ఎవరి మీద ఉందో ఆ తేడాయే చెబుతోందని నేను భావిస్తున్నాను.

గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. హైటెక్ సిటీ నుంచి ఎల్బీ నగర్ దాకా ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరిన మనిషికి మొదట కనబడేది ఆ చోటే. హెల్మెట్‌కు ఒక కొక్కెం, తాళాలకు, ఐడీ కార్డుకు ఒక చిన్న పళ్లెం ఏర్పాటు చేసి, లంచ్ బాక్సును మాత్రం కూర్చోకముందే సింకు దగ్గరికి చేర్చండి.

రెండవది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, రాత్రి వంటగది. పొద్దున్నే పనిమనిషి వచ్చే ఇళ్లలో కూడా ఎంగిలి గిన్నెలను ఒకసారి నీళ్లతో కడిగి టబ్‌లో పెట్టి, స్టవ్‌ను, గట్టును తడిగుడ్డతో తుడిచి, మంచినీళ్ల సీసాలు నింపి పెట్టుకుంటే, మరునాడు కాఫీ కలుపుకునే వేళకు నిన్నటి పని ఎదురుగా నిలబడదు. తడి చెత్తను ఆకుపచ్చ డబ్బాలో, పొడి చెత్తను నీలం డబ్బాలో రాత్రే వేరుచేసి ఉంచండి. స్వచ్ఛ ఆటో పిలుపు వినగానే ఉరకవలసిన అవస్థ తప్పుతుంది. ఆ ఉరుకులాటతో మొదలైన ఉదయం ఆఫీసు దాకా చిరాకును వెంటపెట్టుకుని వెళుతుంది.

ఉతికిన బట్టలను ఆరిన సాయంత్రమే మడతపెట్టండి. ఒకసారి కట్టి విడిచిన బట్టలు కుర్చీ ఎక్కకుండా తలుపు వెనుక రెండు కొక్కేలు చాలు. వానాకాలంలో ఇంట్లోనే బట్టలు ఆరవేయవలసి వస్తే, అందరూ కూర్చునే హాలును వదిలి మరో గదిని ఎంచుకోండి.

సజ్జ మీది సామానును ఇప్పుడే ముట్టుకోవద్దు. రోజూ కంటపడని వస్తువు మనసును పెద్దగా బాధించదు. పెద్దవాళ్ల పాత వస్తువులనైతే వాళ్లను అడగకుండా ఎన్నడూ తీసేయకండి, వాటిని పోగొట్టుకున్న బాధ మీరు సంపాదించిన జాగా కంటే పెద్దది.

వారాల తరబడి దిగులు వదలకపోయినా, లేచి గిన్నె కడగడానికి కూడా శక్తి చాలకపోయినా అది బద్ధకమని నిందించుకోకుండా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఉచిత టెలి మానస్ ఫోన్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయండి, లేదా ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వంటి చోట వైద్యులను కలవండి.

చివరగా, ఈ పనులన్నీ ఇల్లాలి లెక్కలో కలిపితే నెమ్మది ఆమెకు తప్ప అందరికీ దక్కుతుంది. కాబట్టి గుమ్మం ఒకరికి, వంటగట్టు ఒకరికి, బట్టలు ఒకరికి పేరుపేరునా అప్పగించండి. పిల్లవాడు పెట్టిన మడత వంకరగా ఉన్నా దానిని విప్పి మళ్లీ పెట్టకుండా, అలాగే అలమరలో ఉంచండి.