ఫైర్డ్ హీటర్ వెలిగించాలన్నా నడపాలన్నా చూసుకోవాల్సినవి

ఫైర్డ్ హీటర్ అంటే మంటతో ట్యూబుల్లో పారే ద్రవాన్ని వేడిచేసే పెద్ద కొలిమి. దాంతో ఎక్కువ భయపడాల్సింది వెలిగించేటప్పుడే, ఎందుకంటే లోపల మిగిలిన గ్యాస్ గాలితో కలిసి ఉంటుంది, నేచురల్ గ్యాస్ అయితే గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నా చాలు, రవ్వ పడితే పేలిపోద్ది. అందుకే ముందు పర్జ్, అంటే గాలి పంపి లోపలి గ్యాస్‌ని బయటికి తోసేయడం. ఫైర్‌బాక్స్ (మంట మండే గది) సైజుకి కనీసం 4 రెట్లు గాలి పోనివ్వాలి, మాన్యువల్‌లో ఎక్కువ రాసుంటే అదే ఫాలో అవ్వండి. ట్యూబుల్లో ఫ్లో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. పైలట్ (మెయిన్ బర్నర్‌ని వెలిగించే చిన్న మంట) అంటుకోకపోతే గ్యాస్ ఆపి మళ్ళీ మొదట్నుంచి పర్జ్ చేయాల్సిందే, లోపల ఇటుకలు వేడిగానే ఉన్నాయిగా అదే అంటుకుంటుందిలే అని మాత్రం గ్యాస్ తెరవద్దు.

హీటర్ నడిచేటప్పుడు పీప్ హోల్‌లోంచి (లోపలికి చూసే చిన్న కన్నం) మంట చూడండి, ముందు డ్రాఫ్ట్ నెగటివ్‌లో ఉందో లేదో (లోపలి ఒత్తిడి బయటికన్నా తక్కువగా ఉందో లేదో) చూసి, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, పక్కకి నిలబడి తెరవాలి. మంట ట్యూబులకి తగులుతుంటే ట్యూబ్ లోపల కోక్ (గట్టి బొగ్గు పొర) పట్టి ట్యూబ్ కాలిపోద్ది. నల్లపొగ వచ్చి మంట ఊగుతుంటే చాలామంది కంగారులో డ్యాంపర్ (గాలి, పొగ పోయే దారిని తెరిచి మూసే తలుపు) మొత్తం తెరిచేస్తారు, అది చాలా డేంజర్, ముందు ఫ్యూయల్ మెల్లగా తగ్గించాలి, గాలి సంగతి తర్వాత.

మెయింటెనెన్స్ అంటే ఫ్లేమ్ స్కానర్ (మంట ఉందో లేదో కనిపెట్టే పరికరం) లెన్స్ తుడవడం, బర్నర్ టిప్స్ క్లీన్ చేయడం, షట్‌డౌన్‌లో రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే లోపలి గోడ పూత, ఇటుకలు) పగుళ్ళు చూడటం, గ్యాస్ షటాఫ్ వాల్వులకి లీక్ టెస్ట్. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని (దానంతటదే ఆగిపోతోందని) ఇంటర్‌లాక్‌కి, అంటే ప్రమాదం ఉంటే హీటర్‌ని ఆపేసే రక్షణకి, జంపర్ వేసి (వైరుతో దాటవేసి) పనిచేయకుండా చేసేవాళ్ళుంటారు, అలాంటి హీటర్ పక్కన నేనైతే నిలబడను.