పాత మారుతి 800కి సెకండ్‌హ్యాండ్ ఫెండర్ కావాలా? ముందు ఇది చదవండి

మా 1998 మారుతి 800 క్లీనర్ సైడు, అంటే డ్రైవర్‌కి అవతలి వైపు, ముందు ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) గేటు స్తంభానికి రాసుకుని చిరిగింది. టింకరింగ్ అతను చూసి, "కొట్టినా నిలవదు సార్, లప్పం నింపడమే అవుతుంది, ఆటోనగర్‌లో వేరేది చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను, తప్పుది తెచ్చుకున్నాను! కొట్టు అతను "ఎయిట్ హండ్రెడ్‌కి అన్నీ ఒకటే సార్" అంటే నమ్మేశాను మరి. ఇంటికొచ్చి హెడ్‌లైటు పక్కన పెట్టి చూస్తే, అది పాత నలుచదరపు లైట్ల బండిది.

కాబట్టి బండి పేరు చెబితే చాలదు, ఏ ముఖమో చెప్పాలి. ఈ బాడీ 1986లో వచ్చింది, 1997లో లైట్లు, బంపర్, ముందు భాగమంతా గుండ్రంగా మారాయి, 2014 దాకా అమ్మారు. అలాగే 2003లో వచ్చిన శాంట్రో జింగ్ ముందు భాగం పాత శాంట్రోకి పనికిరాదు, జెన్ ఎస్టిలోకీ పాత జెన్‌కీ అయితే పేరు తప్ప ఏ చుట్టరికమూ లేదు. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ కాదు, బండి తయారైన నెల, సంవత్సరం చూడండి, మార్పు జరిగిన ఏడాది బండి అయితే అదీ నమ్మకుండా లైట్లు చూసి తేల్చుకోండి.

అన్నిటికన్నా మంచి పని, దెబ్బతిన్న ముక్కనే విప్పి వెంట తీసుకెళ్లడం. ఫెండర్ బోల్టులతోనే ఉంటుంది, పదో నంబరు స్పానర్ ఉంటే చాలు. బండి నడపాలి, విప్పడం కుదరదు అంటారా, పాత న్యూస్‌పేపర్ పరిచి హెడ్‌లైటు వంపు, చక్రం వంపు, ఇండికేటర్ రంధ్రం పెన్నుతో గీసుకుని తీసుకెళ్లండి. నేను రెండోసారి అదే చేశాను, నాలుగు కొట్లలో కాగితం వేసి చూస్తే మూడోచోట రంధ్రంతో సహా అతికినట్టు కూర్చుంది. ఎడమ, కుడి అని మాత్రం అడక్కండి, ఎదురుగా నిలబడి చూసేవాడికి తిరగబడుతుంది. డ్రైవర్ సైడా, క్లీనర్ సైడా అని అడగండి.

జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి, గీతలు పడకుండా పల్చటి గుడ్డ చుట్టి ముక్కంతా జరపండి. పట్టు వదిలేసిన చోట లోపల లప్పం ఉన్నట్టే. తర్వాత ముక్కను తిరగేయండి. పైన ఎంత మెరిసినా తుప్పు వెనకనే తెలుస్తుంది, ఫెండర్‌కైతే చక్రం వెనక బురద పేరుకునే కింది కొస, డోర్‌కైతే నీళ్లు పోయే రంధ్రాలున్న కింది మడత, బానెట్‌కైతే ముందు అంచు. అక్కడ వేలితో గట్టిగా నొక్కితే పొరలు లేచిందంటే వదిలేయండి, ఎంత తగ్గించి ఇచ్చినా సరే. డోర్ కొంటే గ్లాసు, దాన్ని పైకీ కిందకీ జరిపే రెగ్యులేటర్, లాకుతో సహా ఉన్నదే కొనండి, విడివిడిగా వెతకడం పెద్ద తలనొప్పి.

బోల్టులతో విప్పే ముక్కలకే ఈ తిరుగుడంతా. వెనక చక్రం పైన ఉండే క్వార్టర్ ప్యానెల్ లాంటివి కోసి వెల్డింగ్ చెయ్యాలి, పాతది దొరికినా పని ఖర్చు ఎక్కువ. అక్కడ నన్నడిగితే ఉన్నదాన్నే టింకరింగ్ చేయించుకోవడం మేలు. రంగు కలిసే ముక్క కోసం మాత్రం నెల రోజులు తిరగకండి. పాతికేళ్ల ఎండ తిన్న మీ తెలుపు, ఇంకో బండి తెలుపు ఎలాగూ ఒకటి కావు, పెయింటర్ చేతిలో పెట్టాల్సిందే.

బేరానికి వెళ్లేముందు అదే ముక్క కొత్తది, కంపెనీది కాని డూప్లికేట్, ఎంతకు వస్తుందో ఫోన్ చేసి కనుక్కోండి. రేకు పల్చగా ఉంటుంది గానీ ఆ ధర తెలిస్తే కొట్టులో నోరు లేస్తుంది. "సరిపోకపోతే వెనక్కి తీసుకుంటా" అన్నమాట బిల్లు మీద రాయించుకోండి, నేను రాయించుకోక మొదటి ఫెండర్ ఇప్పటికీ మిద్దె మీదే ఉంది.

పెయింట్ వేయించేముందు బోల్టులు వదులుగా బిగించి, బానెట్ దించి, డోర్ తెరిచి మూసి చూడండి. సందు పైనా కిందా సమానంగా ఉండాలి, డోర్ అంచు ఫెండర్‌కి రాసుకోకూడదు. అప్పుడు బిగించి పెయింటర్‌కి ఇవ్వండి.