మందు లేని నా మొదటి సంక్రాంతి

మా అత్తారి ఊళ్లో భోగి మంట ఆరకముందే సీసా మూత తీస్తారు. ఇక కనుమ నాడు కోడికూర పక్కన గ్లాసు లేకపోతే అల్లుడికి మర్యాద తక్కువైనట్టే. మానేశాక ఇదే నా మొదటి పండగ.

అంతకుముందోసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజుకే చేతులు వణికి, టీ కప్పు సాసర్ మీద టకటకలాడింది. రోజూ బాగా తాగేవాళ్లు అలా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చట. ఈసారి డాక్టరు దగ్గరే మానాను. బి1 విటమిన్ ఇచ్చారు, దిగులుకి వేరే మాత్రలు. అవి పనిచేయడం మొదలెట్టడానికి కొన్ని వారాలు పట్టింది, ఆ వారాలే నరకం.

పండక్కి ముందే మా బావమరిదికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. సిగ్గు చచ్చిపోయిందనుకోండి. "బావా, నీ గ్లాసులో మజ్జిగ పోస్తా, ఎవడడుగుతాడో చూస్తా" అన్నాడు. నిజంగానే పోశాడు, అల్లం దంచి మరీ.

కనుమ రాత్రి మాత్రం కింద నవ్వులు వినిపిస్తుంటే బతుకు దండగనిపించింది. డాబా ఎక్కి 14416కి కొట్టాను. టెలీ మానస్, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. ఆవిడ మొదట అడిగింది, "భోజనం చేశారా?" అని. చేయలేదు.

కిందికొస్తే అత్తయ్యగారు మేలుకునే ఉన్నారు. ఏమీ అడగకుండా పళ్లెంలో గారెలు పెట్టారు.