అదనపు మాడ్యూళ్లు తమంతట తామే తెరుచుకోవచ్చా? నిర్ణయించుకోవడం ఎలా?

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వంటి ఊళ్లలో డీటీపీ సెంటరు నడపాలంటే ఒక్క కంప్యూటరుకే నాలుగు భాషలు రావాలి. పొద్దున తెలుగు శుభలేఖ, మధ్యాహ్నం ఒడియా దరఖాస్తు, సాయంత్రానికి హిందీలోనో ఇంగ్లీషులోనో ఉద్యోగాల ఫారాలు. గుణుపురం వైపయితే సవరల సొరాంగ్ సోంపెంగ్ లిపి కూడా కావలసి రావచ్చు. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన ఆ లిపికి యూనికోడ్‌లో 2012లో చోటు దక్కింది. ఇన్ని పనులకు కావలసిన కీబోర్డులు, ఫాంట్లు, అక్షరదోషాలు పట్టే నిఘంటువులు, స్కానర్ డ్రైవర్లు, వేలిముద్రల పరికరం సాఫ్ట్‌వేర్ అన్నీ అసలు ప్రోగ్రాముకు అదనంగా చేరే మాడ్యూళ్లే. అవసరం రాగానే అవి వాటంతట అవే తెరుచుకుంటే పని ఆగకుండా సాగుతుంది. అయితే మనం పిలవని కోడు కూడా అదే దారిలో లోపలికి రాగలదు.

ఏ మాడ్యూలును దానంతట అదే తెరుచుకోనివ్వాలి, దేన్ని అడిగాక తెరవాలి, దేన్ని పూర్తిగా మూసి ఉంచాలి అన్నది దుకాణదారులూ ఇళ్లలో కంప్యూటర్ వాడేవారూ స్వయంగా తేల్చుకోగలిగిన విషయమే. చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసే యువతకు మాత్రం ఇందులో కొంత ఎక్కువ బాధ్యత ఉంది. వారికి సంబంధించిన మాటలు చివరిలో ఉన్నాయి.

మొదట జాబితా

ఒక కాగితం తీసుకుని, ఆ కంప్యూటర్ మీద నిజంగా జరిగే పనులు రాయండి. ఒక్కో పని ఎదుట దానికి కావలసిన అదనపు భాగాలు రాయండి. ఒడియా టైపింగ్‌కు కీబోర్డు, ఫాంటు. పాత కాగితాల స్కానింగ్‌కు డ్రైవరు, అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఒడియా భాషల ఫైళ్లు. లెక్కల ఫైలుకు, మీ ఆడిటరు ఇచ్చిన మాక్రో (ఫైలులోనే ఉండే చిన్న ప్రోగ్రాము) ఉంటే, అది. ఆ తర్వాత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల పట్టిక తెరిచి చూడండి. కాగితం మీద లేనివి అక్కడ చాలా కనిపిస్తాయి. ఏ పనికీ అక్కరలేనివాటిని తీసేయండి. డిస్కు మీద లేని మాడ్యూలును ఎవరూ తెరిపించలేరు. ఇంతకంటే చవకైన రక్షణ మరొకటి లేదు.

తెరవమన్నది ఎవరు?

మిగిలిన ప్రతి మాడ్యూలు గురించీ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి తన పని కోసం తెరిపిస్తున్నాడా, లేక బయటి నుంచి వచ్చిన ఫైలో, పెన్‌డ్రైవో, నెట్‌వర్క్ సందేశమో తెరిపిస్తోందా? మీరు భాషను ఒడియాకు మార్చినప్పుడు ఒడియా నిఘంటువు తెరుచుకోవడం మీ చేతిలోని పని. మీరు ముఖమైనా చూడని ఎవరో పంపిన ఫైలును ప్రివ్యూలో చూడగానే దానిలోని కోడు నడవడం మొదలైతే, నిర్ణయం ఆ పంపినవారి చేతికి వెళ్లిపోయిందని అర్థం.

గత పాతికేళ్లకు పైగా కాలంలో జరిగిన పెద్ద ప్రమాదాలు అనేకం ఈ రెండో రకానివే. 1999 మార్చిలో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైలులోని మాక్రోగా వచ్చింది. ఫైలు తెరిచినవారి చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తానే పంపుకుంది. 2008లో మొదలైన కాన్‌ఫికర్ వైరస్ వాడుకున్న దారుల్లో పెన్‌డ్రైవ్ ఆటోరన్ (తగిలించగానే దానిలోని ప్రోగ్రాము నడిచే సదుపాయం) ఒకటి. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు ఆ సదుపాయాన్ని ఆపేసింది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే సంగతి ప్రపంచమంతటినీ కలవరపెట్టింది. ప్రోగ్రాములు తమ పనుల చిట్టా రాసుకోవడానికి వాడే ఆ లైబ్రరీలో (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడులో) చాలామందికి తెలియని ఒక అదనపు సదుపాయం ఉండేది. చిట్టాలో చేరిన వాక్యంలో ఒక ప్రత్యేక గుర్తు కనిపిస్తే, అది చెప్పిన చోటికి వెళ్లి కోడు తెచ్చుకునేది. అలాంటి వాక్యాన్ని సర్వరుకు పంపడం బయటివారికి ఏమంత కష్టం కాదు.

లినక్స్ కూడా దీనికి అతీతం కాదు. డీసీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిని వాడేవారు చాలా అరుదు. అయినా అనేక లినక్స్ పంపిణీల్లో (ఉబుంటు వంటి రకాల్లో) దాని మాడ్యూలు డిస్కు మీద సిద్ధంగా ఉండేది. ఏ ప్రత్యేక హక్కూ లేని మామూలు వినియోగదారు ఆ రకం సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్ ద్వారం) కావాలనగానే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ దాన్ని తెరిచి ఇచ్చేది. అందులో పదేళ్లకు పైగా దాగి ఉన్న లోపం 2017లో బయటపడింది. దాని ఆసరాతో మామూలు వినియోగదారు యంత్రం మొత్తాన్ని చేజిక్కించుకోగలిగేవాడు. తమ జీవితంలో డీసీసీపీ పేరు వినని లక్షల మంది కంప్యూటర్లు కూడా ఆ ప్రమాదంలో ఉన్నాయి. కారణం ఆటోలోడ్, అంటే మాడ్యూలు దానంతట అదే తెరుచుకోవడం, ఒక్కటే.

మరో రెండు ప్రశ్నలు

ఆ మాడ్యూలు ఏ హక్కులతో నడుస్తుంది? నిఘంటువు అంటే ఒట్టి పదాల పట్టిక. చాలా డ్రైవర్లు కెర్నెల్ లోపల నడుస్తాయి కాబట్టి, అక్కడ లోపం ఉంటే దానికి అడ్డుండదు. ఫాంటు కూడా పట్టికలాగే కనిపిస్తుంది గానీ, దాన్ని చదివే కోడు ఎక్కడ నడుస్తోందన్నది ముఖ్యం. 2011లో బయటపడిన డ్యూక్యూ అనే మాల్‌వేర్ వర్డ్ ఫైలులో ఇమిడ్చిన ఫాంటు ద్వారా, విండోస్ కెర్నెల్‌లో ఫాంట్లు చదివే భాగంలోని లోపాన్ని వాడుకుంది. విండోస్ 10లో ఫాంట్లు చదివే పనిని కెర్నెల్ బయటికి తెచ్చి, పరిమిత హక్కులున్న చోట పెట్టారు. పాత విండోస్ 7తోనే నడుస్తున్న సెంటర్లకు ఆ రక్షణ లేదు. శుభలేఖ ఫైలుతో పాటు ఖాతాదారు తన ఫాంటును కూడా తెచ్చి వేయమన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. అదే ఫాంటు మీ దగ్గర ఉంటే దాన్నే వాడండి. లేకపోతే పీడీఎఫ్ తెమ్మనండి.

ఎక్కడి నుంచి వస్తుంది? ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారు సంతకం చేసి ఇచ్చిన చోటు నుంచి వచ్చేది ఒక రకం. ఎవరో పెట్టిన డౌన్‌లోడ్ పేజీ నుంచి వచ్చేది మరో రకం. స్కానర్ పనిచేయడం లేదని డ్రైవరు కోసం వెతికి, మొదట కనిపించిన లింకు నొక్కడం చిన్న ఊళ్లలో రోజూ జరిగే పని. స్కానర్ తయారీదారు సైటు తప్ప ఇంకెక్కడి నుంచీ డ్రైవరు దించకండి.

అన్నీ మూసేయడం పరిష్కారం కాదు

ఇంత చదివాక అన్నీ ఆపేయాలనిపించడం సహజం. నా ఉద్దేశంలో అది కూడా ప్రమాదమే. నాలుగు భాషలు మారే యంత్రం ప్రతి నిఘంటువుకూ, ప్రతి కీబోర్డుకూ అనుమతి అడిగితే, క్యూలో పదిమంది నిలబడి ఉండగా ఆపరేటరు ఏం చేస్తాడు? చదవకుండా అన్నిటికీ సరే అంటాడు. ఆ అలవాటు పడిన చెయ్యే ఒకరోజు మాక్రోకు కూడా సరే అంటుంది. అందుకే హాని లేనివాటిని అడగకుండా తెరుచుకోనివ్వాలి. అనుమతి పెట్టె అరుదుగా కనిపించినప్పుడే మనిషి ఆగి చదువుతాడు.

అన్నిటినీ ఎప్పుడూ తెరిచి ఉంచడం వల్ల వచ్చే ముప్పును 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం చూపించింది. ఫైళ్లు కుదించే ఆ లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరుకు ఆ లైబ్రరీతో నేరుగా పని లేదు. అయినా కొన్ని లినక్స్ పంపిణీల్లో ఆ సర్వరును, లినక్స్‌లో సేవలు మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో జోడించడం వల్ల, దానితో పాటు ఇదీ ప్రతిసారీ లోపలికి వచ్చేది. తర్వాత సిస్టమ్‌డీ ఇలాంటి లైబ్రరీలను అవసరమైనప్పుడే తెరిచే పద్ధతికి మారింది. అవసరానికి తెరవడం కూడా భద్రతకు మేలు చేయగలదని దీనివల్ల తెలుస్తుంది.

కాబట్టి జాబితాలో ప్రతి పేరు ఎదుటా మూడింటిలో ఒకటి రాయండి. మీరే తెరిపించేది, తక్కువ హక్కులతో నడిచేది, నమ్మకమైన చోటి నుంచి వచ్చేది అయితే ‘తానే’. బయటి ఫైలు తెరిపించేదే అయినా పనికి తప్పనిసరి అయితే ‘అడిగి’. బయటివారు తెరిపించగలిగి, మీకు పనికిరానిదైతే ‘వద్దు’.

విండోస్‌లో

సెట్టింగుల్లో బ్లూటూత్, డివైజెస్ విభాగంలోని ఆటోప్లే తెరిచి ఆపేయండి. పాత వెర్షన్‌లో డివైజెస్ కింద ఉంటుంది. ఆఫీస్‌లో ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్ దారిలో మాక్రో సెట్టింగులకు వెళ్లి, డిజిటల్ సంతకం ఉన్నవి తప్ప మిగిలినవన్నీ ఆపే వరుసను ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్ వాడేవారు టూల్స్, ఆప్షన్స్, సెక్యూరిటీలో మాక్రో స్థాయి ‘హై’ మీద ఉందో లేదో చూడాలి. మొదటి నుంచీ అది హై మీదే ఉంటుంది. ఎవరైనా తగ్గించి ఉంటే మళ్లీ పెంచండి.

ఒక్క విషయం మన సరిహద్దు ఊళ్లవారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ముందుగానే ఆపేస్తోంది. ఫైలు ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న ముద్రను విండోస్ ఆ ఫైలుతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ (కంప్యూటర్ డిస్కు మీద విండోస్ ఫైళ్లు భద్రపరిచే పద్ధతి) డిస్కు మీద దాస్తుంది. పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. ఇచ్ఛాపురంలో ఎవరో ఈమెయిల్ నుంచి దించుకున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బరంపురం తెచ్చేసరికి ఆ ముద్ర చెరిగిపోతుంది. మీ కంప్యూటరుకు అది ఇంట్లో తయారైన ఫైలులాగే కనిపిస్తుంది. అందువల్ల ఆ ఏర్పాటును నమ్ముకుని ఊరుకోకుండా, పైన చెప్పిన సంతకం నియమం పెట్టి తీరాలి.

రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని ఖాతా వాడండి. కొత్త డ్రైవరు వేయాల్సివస్తే పాస్‌వర్డ్ తెలిసినవారే వేయాలి.

లినక్స్‌లో

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌మాడ్ ఆదేశం ఇస్తే ప్రస్తుతం తెరుచుకుని ఉన్న మాడ్యూళ్లు కనిపిస్తాయి. అక్కరలేనివాటిని ఆపడానికి మాడ్‌ప్రోబ్ సెట్టింగుల ఫోల్డర్‌లో ఒక ఫైలు రాస్తారు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. బ్లాక్‌లిస్ట్ అని రాస్తే ఆటోలోడ్ మాత్రమే ఆగుతుంది. పేరు పెట్టి పిలిస్తేనో, మరో మాడ్యూలుకు అది అవసరమైతేనో మళ్లీ తెరుచుకుంటుంది. పూర్తిగా ఆపాలంటే ఇన్‌స్టాల్ అనే మాటతో మొదలయ్యే వరుస రాసి, మాడ్యూలుకు బదులు ఫాల్స్ అనే, ఏ పనీ చేయని ప్రోగ్రామును నడపమని చెప్పాలి. ఉబుంటు అరుదైన నెట్‌వర్క్ పద్ధతుల ఆటోలోడ్‌ను ఆపే జాబితాను సిద్ధంగా ఇస్తోంది. దాన్ని తీసేయకండి.

కెర్నెల్‌లో ఇంకా గట్టి మీట కూడా ఉంది. మాడ్యూల్స్ డిసేబుల్డ్ అనే సెట్టింగు విలువను 1 చేస్తే, రీస్టార్ట్ చేసేదాకా కొత్త మాడ్యూలు ఏదీ తెరుచుకోదు, వెనక్కి తిప్పడం కుదరదు. మారని పని చేసే సర్వరుకు ఇది మంచిది. ఉదయం ఒక ప్రింటరు, మధ్యాహ్నం మరో స్కానరు తగిలించే సెంటరులో పెడితే పని ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవారికి

దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిచ్చే యువత ఇప్పుడు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. మీ ప్రోగ్రాము తెరిచే మాడ్యూళ్ల పేర్లు మీ కోడులోనే స్థిరమైన పట్టికగా ఉండాలి. ఫైలులోనో, నెట్‌వర్క్ సందేశంలోనో వచ్చిన పేరును తీసుకుని అదే పేరుతో మాడ్యూలు వెతకకండి. లినక్స్ కెర్నెల్ 2013లో ఇలాంటి మార్పే చేసింది. డిస్కు మౌంట్ చేసేటప్పుడు (వాడకానికి జోడించేటప్పుడు) ఫైల్ సిస్టమ్ మాడ్యూళ్లు తప్ప వేరేవి తెరుచుకోకుండా పేరుకు ముందు ఒక గుర్తు తప్పనిసరి చేసింది.

వెతికే చోటు కూడా స్థిరంగా ఉండాలి. ప్రోగ్రాము నడుస్తున్న ఫోల్డర్‌లో మాడ్యూలు వెతికితే, ఖాతాదారు పెన్‌డ్రైవ్‌లోనే అదే పేరుతో ఇంకొకటి ఉండవచ్చు. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష 2017లో వచ్చిన 5.26 వెర్షన్‌తో ప్రస్తుత ఫోల్డరును వెతుకులాట నుంచి తీసేసింది. పైథాన్ 3.11లో కూడా దీన్ని ఆపే ఏర్పాటు వచ్చింది. మాడ్యూలు దొరకకపోతే ప్రోగ్రాము కూలిపోకూడదు. ఆ ఒక్క సదుపాయం లేదని తెలుగులోనో ఒడియాలోనో స్పష్టంగా చెప్పి మిగతా పని కొనసాగించాలి. ఏదో ఒక దారిన పని కానిచ్చేందుకు జనం తెలియని సైట్ల వైపు పోకుండా ఆపేది ఆ సందేశమే.

సరిచూసుకోవడం

మార్పులన్నీ అయ్యాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కాగితం మీద రాసిన పనులన్నీ ఒకసారి చేసి చూడండి. తెలుగు శుభలేఖ, ఒడియా ఫారం, స్కాన్, వేలిముద్ర. ఏదైనా ఆగితే అన్ని సెట్టింగులూ వెనక్కి తిప్పకండి. ఆ పనికి కావలసిన ఒక్క మాడ్యూలును మాత్రమే తెరిచి, జాబితాలో దాని పేరు ఎదుట తేదీ, కారణం రాయండి. కొత్త ప్రింటరు కొన్నప్పుడు, కొత్త ఆపరేటరు చేరినప్పుడు అదే కాగితాన్ని మళ్లీ మొదటి వరుస నుంచి చూడండి.